గట్టుకు పోసిన మందు

పోయిన ఎండాకాలం మా ఇంట్లో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే నా మొగుడు విష్ణువర్ధన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. చేలో పనిచేసే మనిషికి ఎండదెబ్బ తగిలిందట. పెళ్ళానికి కోపం ఎక్కువట. ఆ రెండూ కలిసి నిక్షేపంలాంటి అంగడిని మూయించాయట. ఈ మాట అతను కళ్యాణదుర్గంలో టీ అంగడి దగ్గర చెప్తాడు, పెళ్ళి భోజనాల్లో చెప్తాడు, నా పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్తాడు. విన్నవాళ్ళు అయ్యో అంటారు. ఆ పనిచేసే మనిషి పేరేమిటని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అతని పేరు రామప్ప.

మాది కంబదూరుకూ కుందుర్పికీ మధ్య ఒక పల్లె. చుట్టూ వాన పడితేనే పచ్చబడే చేలు. మా చేలో మాత్రం ఒక బోరు ఇంకా ఎండిపోకుండా అంతో ఇంతో నీళ్ళిస్తోంది. విష్ణుకు కంబదూరులో ఎరువులు, పురుగుమందుల అంగడి ఉండేది. పొద్దున కారులో పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే వచ్చేవాడు. సేద్యం నా చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. నేను, రామప్ప, రామప్ప భార్య కదిరమ్మ, ముగ్గురమే ఆ చేనుకు. రామప్ప మాట తక్కువ మనిషి. కొత్త పని ఏది చెప్పినా ఒకసారి నా మొహంలోకి చూసి, నేను ఆలోచించే చెప్తున్నానని నమ్మకం కుదిరాకే కదిలేవాడు. కుదిరాక ఇక రెండోసారి అడగడు.

ఆ ఏడు కిందిచేలో కళింగర, అదే పుచ్చకాయ, పెట్టాం. డ్రిప్పు పైపులు, సాళ్ళ మీద పరిచే మల్చింగు షీటు అన్నీ నేనే దగ్గరుండి వేయించాను. పైచేలో విష్ణు మామిడి మొక్కలు నాటాడు. నాటాడంటే, పార్టీవాళ్ళను పిలిచి ఒక్కొక్కరి చేతా ఒక్కో మొక్క పట్టించి ఫోటోలు తీయించాడు. ఈసారి పంచాయతీ ఎన్నికల్లో సర్పంచిగా నిలబడాలని అతని ఆశ. ఫోటోలు అయిపోయి కార్లు వెళ్ళిపోయాక గుంతలు పూడ్చింది రామప్ప. నీళ్ళు మోసి పోసింది కదిరమ్మ.

ఆ రెండు చేలకూ నడుమ పాత గట్టు ఒకటి ఉంది. ఎర్రమట్టి ఏళ్ళ తరబడి ఎండకు బిగుసుకుపోయిన గట్టు. కళింగర పూత మొదలయ్యాక దాని సంగతి నేను గమనించాను. కళింగరకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద గోలీ అంత పిందె ముందే ఉంటుంది. మగపువ్వు పొడి దాని మీద పడితేనే పిందె ఊరుతుంది, పడకపోతే పసుపుపచ్చగా తిరిగి ఊడిపోతుంది. పువ్వు విచ్చుకునేది తెల్లవారి, ముడుచుకునేది మధ్యాహ్నానికి. ఆ కాస్తలోనే పని జరగాలి. చేను చివర గానుగ చెట్లు విరగబూసి ఉన్నాయి. తేనెటీగలన్నీ అక్కడే ముసురుకుని మా తీగల వైపు చూసేవి కావు. మా పూలమీదికి వచ్చేవి వేరే ఈగలు. తేనెటీగ కంటే సన్నగా, పొట్ట మీద బూడిదరంగు చారలతో ఉండేవి. అవి తేనెపట్టు పెట్టవు, గుంపుగా ఉండవు. గట్టులో పెన్సిలు దూరేంత బొక్క చేసుకుని, ఒక్కో బొక్కలో ఒక్కో తల్లి పిల్లల్ని సాకుతుంది. గానుగ పూతను అవి కన్నెత్తి చూడవు. వాటికి కావాల్సింది కళింగర, దోస, గుమ్మడి లాంటి తీగల పూలే. కాళ్ళకు పసుపు అద్దుకున్నట్టు పొడి అంటించుకుని పువ్వు నుంచి గట్టుకు, గట్టు నుంచి పువ్వుకు తిరుగుతూనే ఉండేవి. కదిరమ్మ గట్టు ఎక్కాల్సి వస్తే ఆ బొక్కలు తొక్కకుండా చుట్టూ తిరిగి పోయేది. పురిటింటి ముందు చెప్పులు టపటపలాడించుకుంటూ పోతామా అని ఒకసారి నాతో అంది.

పైచేలో చెదలు పట్టాయి. అది నిజం. దాన్ని నేను ఎప్పుడూ కాదనలేదు. మామిడి మొక్కల కాండాలకు మట్టి పూత ఎక్కింది. గోటితో గీకితే లోపల తెల్లగా మెత్తగా చెదపురుగులు వెలుతురుకు బెదిరి పరుగెత్తేవి. బెరడు కింద ఏమీ మిగలడం లేదు. చెదల మీద నాకు జాలి లేదు. నా పెళ్ళినాటి ధర్మవరం చీరను ట్రంకుపెట్టెలోనే మడతల వెంబడి జల్లెడ చేసి పెట్టాయి అవి. మొక్కలు ఎండిపోతున్నాయంటే విష్ణుకు వచ్చిన బాధ వేరు. ఉగాదికి పెద్ద నాయకుడు ఒకాయన ఊరికి వస్తున్నాడు. ఆ ఫోటోల రోజు తన చేతులతో నాటిన మొక్కను చూస్తానంటాడేమోనని ఇతనికి దిగులు.

ఒక ఆదివారం అతను చేనుకు వచ్చాడు. మొక్కలు చూసుకుంటూ గట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. గట్టు నిండా బొక్కలే ఉండాయి, చెదలకు ఇదే ఇల్లు, మొత్తం తడిపేస్తే పీడ విరగడవుతుంది అన్నాడు. అవి చెదలు కావని చెప్పాను. నవ్వాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించాను. ముందు మామిడి మొదలు దగ్గర మట్టి పూతను పుల్లతో విరగ్గొట్టాను. చూడు, ఇవి ఎన్ని ఉన్నా ఒక్కటీ పైకి రాదు, తినేదంతా చాటునే తింటాయి, తిన్న చోట మట్టి తప్ప ఏమీ మిగలదు అన్నాను. తర్వాత గట్టు దగ్గర కూర్చోబెట్టాను. ఒక ఈగ కాళ్ళ నిండా పసుపుతో వచ్చి, మమ్మల్ని చూసి కాస్త తటపటాయించి, తన బొక్కలోకి దూరింది. ఇది మనకు పిందె పట్టిస్తోంది, ఇది లేకపోతే కళింగర లేదు, గట్టు జోలికి రావద్దు అని చెప్పాను.

అతను ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"బొక్క బొక్కే గదా ఇంద్రా. దాంట్లో ఏది ఉంటే ఏముండాది?"

నాకు ఒళ్ళు మండింది. అయినా తమాయించుకున్నాను. మామిడి మొదళ్ళకు మాత్రం మందు వేసుకో, పైచేలో ఆ మోడు చెట్టు పక్కనున్న చెదల పుట్టను తవ్వించు, గట్టును మాత్రం కాయలు నిలబడేదాకా ముట్టుకోవద్దు అన్నాను. సరేలే, నీ గట్టు నీకే అన్నాడు. రామప్ప అక్కడే డ్రిప్పు పైపు సరిచేస్తున్నాడు. గట్టుకు ఏమీ పోయొద్దని అతనితో కూడా విడిగా చెప్పాను. అతను నా మొహంలోకి చూసి తలూపాడు.

ఆ వారంలోనే మా అత్త తిమ్మమ్మను కంటి ఆపరేషన్‌కని పుట్టపర్తికి తీసుకుపోవాల్సి వచ్చింది. విష్ణుకు తీరిక లేదు. నేనే తోడు వెళ్ళాను. అత్త కంటికి కట్టు కట్టుకుని లాడ్జి మంచం మీద పడుకుని, ఒక కన్నుతో ఫ్యాను వైపు చూస్తూ, కొడుకు సర్పంచి అయితే ఇంటిముందు రోడ్డు వేయించాలని, తిరిగి వచ్చేదాకా అదే మాట. నేను మధ్యలో ఇంటికి ఫోన్ చేసి చేను ఎట్లా ఉందని అడిగాను. బాగుండాది, నువ్వు అమ్మను చూసుకో అన్నాడు విష్ణు. గొంతులో తేడా ఏమీ లేదు. అదే నాకు ఇప్పటికీ అరగదు. ఆ మాట అంటున్నప్పటికి గట్టుకు మందు పోయడం అయిపోయింది.

సాయంత్రానికి ఊరు చేరాం. మర్నాడు తెల్లవారగానే చేనుకు పోయాను. గానుగ చెట్లు దాటకముందే వాసన కొట్టింది. ముక్కులో కాదు, గొంతులో పట్టుకునే వాసన. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా తడిసి ఉంది. బొక్కలన్నీ బురదతో పూడిపోయాయి. పోసిన రోజు పూలమీదికి పోయి తప్పించుకున్న ఈగలు కొన్ని తమ ఇళ్ళ కోసం తిరిగి వచ్చినట్టున్నాయి. గట్టు మీద వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తూ, తమ చుట్టూ తామే గిరగిరా తిరుగుతున్నాయి. కొన్నిటి కాళ్ళకు పసుపు ఇంకా అట్లే ఉంది. కిందిచేలో కళింగర పూలు విచ్చుకుని ఉన్నాయి. ఒక్క పువ్వు మీద ఒక్క ఈగ లేదు. ఆ వేళప్పుడు ఎప్పుడూ వినిపించే సన్నని రొద లేదు.

అక్కడి నుంచే విష్ణుకు ఫోన్ చేశాను. నేను ఏమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నవి రాయదగ్గ మాటలు కావు. అతను మాత్రం తొణకలేదు. చెదలకు పోయించినానని, మధ్యలో నీ ఈగలు అడ్డం వస్తే నేనేం చేయాలని అన్నాడు. రెండ్రోజుల్లో నాయకుడు వస్తాండాడు, నువ్వు ఈగల గురించి ఏడ్చుకుంటా కూచోవద్దు అన్నాడు. అంతటితో ఆగలేదు. పోసింది రామప్ప, ఏంటికి పోసినాడో వాడినే పోయి అడుగు అని ఫోన్ పెట్టేశాడు.

అడగడానికే పోయాను. దారి పొడుగునా రామప్పను ఏమనాలో మాటలు కూడగట్టుకుంటూ పోయాను. నేను అంతగా చెప్పినా, తలూపి మరీ, ఈ పని చేశాడా అని.

గుడిసె ముందు పందిరి కింద చాప మీద రామప్ప పడుకుని ఉన్నాడు. పందిరి గుంజకు మేకు కొట్టి గ్లూకోజు సీసా వేలాడదీశారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నోటి పక్క నుంచి సొంగ కారుతోంది, కదిరమ్మ కొంగుతో తుడుస్తోంది, తుడిచిన వెంటనే మళ్ళీ కారుతోంది. తొడల మీద కండ దానంతటది చిటుక్కు చిటుక్కుమని ఎగురుతోంది. నేను పిలిస్తే కళ్ళు తెరిచాడు. పొద్దుటి వెలుతురు అప్పటికింకా మెత్తగానే ఉంది, అయినా కంటిపాపలు ఆవగింజంత కుదించుకుపోయి ఉన్నాయి. అతనికి నేను కనబడ్డానో లేదో తెలియదు.

నిన్న సాయంత్రం నుంచి ఇట్లా ఉన్నాడని కదిరమ్మ చెప్పింది. వాంతులు, విరేచనాలు. విష్ణన్న వచ్చి చూసి, ఎండదెబ్బ అని చెప్పి, ఊర్లో వైద్యం చేసే ఆయన్ను పిలిపించి గ్లూకోజు పెట్టించాడట. పెద్దాసుపత్రికి పోతే లేనిపోనివి చెప్పి భయపెడతారు, రెండ్రోజుల్లో లేచి తిరుగుతాడు అన్నాడట. అంటే రాత్రి నా పక్కన కూర్చుని అన్నం తిన్నప్పటికే అతనికి ఇదంతా తెలుసు. పెరుగు వేయించుకుని మరీ తిన్నాడు.

మందు కలిపేటప్పుడు చేతులకు ఏమన్నా తొడుక్కున్నాడా అని అడిగాను. లేదని, ఉత్త చేత్తోనే కలిపినాడని, ట్యాంకు కారి వీపంతా తడిసిందని కదిరమ్మ చెప్పింది. ఇంక నేను ఆగలేకపోయాను. గట్టుకు పోయొద్దని అంతగా చెప్పినానే, ఏంటికి పోసినాడు అన్నాను.

కదిరమ్మ తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కూడా కాదు.

"నువ్వు చెప్పినావనే గదమ్మా పోసినాడు. ముందు పోయనన్నాడు. అమ్మ వద్దని చెప్పింది అన్నాడు. విష్ణన్న పక్కకు పోయి నీతో ఫోన్లో మాట్లాడినాడు. వచ్చి, ఇంద్రాణే పోయమంటాంది, ఆమెకు చెప్పినా అన్నాడు. ఆ మాటకే ట్యాంకు వీపుకు ఎత్తుకున్నాడు."

విష్ణు నాకు ఆ రోజు ఫోన్ చేయలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉత్తగా నిలబడి ఉంటాడు. నేను చెప్పలేదు కదిరమ్మా అన్నాను. ఆమె మళ్ళీ కొంగుతో అతని మూతి తుడవడంలో పడింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. అడిగే వేళ కూడా కాదు.

మా ఊరి బాలప్ప ట్రాలీ ఆటో తెప్పించాను. చాపతో సహా రామప్పను ఎక్కించాం. ఆటోను చేను మీదుగా పోనిమ్మన్నాను. మోటారు షెడ్డులో మూల గోనెసంచి కింద మందు డబ్బా దొరికింది. దాని మీది కాగితం ఎప్పుడో చించేసి ఉంది. మూత బిగించి, సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్యాణదుర్గం చేరేదాకా కదిరమ్మ భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నేను ఆ డబ్బా పెట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రి మెట్ల దగ్గర మేము ఆటో దిగుతుండగానే విష్ణు కారు వచ్చి ఆగింది. ఊర్లో ఎవరో చెప్పి ఉంటారు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు. లోపల అందరూ తెలిసినవాళ్ళే. రామప్పను బల్ల మీద పడుకోబెట్టేలోగా అతను డాక్టరమ్మ పక్కన చేరాడు. చిన్న వయసు మనిషి ఆమె. మా మనిషే మేడం, ఎండలో పని చేసినాడు, ఎండదెబ్బ తగిలింది అని నెమ్మదిగా, మర్యాదగా చెప్తున్నాడు. ఆమె రామప్ప కళ్ళలోకి టార్చి వేసి చూస్తోంది. ఏదైనా మందు కొట్టాడా అని అడిగింది. లేదు మేడం అన్నాడు విష్ణు.

నేను డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

"ఎండదెబ్బ కాదమ్మా. ఇది ఉత్త చేత్తో కలిపి గట్టుకు పోసినాడు. వీపంతా తడిసింది. మొన్నటి సంగతి."

ఆమె డబ్బా తిప్పి చూసి, పేరు లేదే, ఇది ఏం మందు అని అడిగింది. నేను విష్ణు వైపు చూశాను. ఆమె కూడా అతని వైపు తిరిగింది. ఈయన మీకు ఏమవుతారు అంది నాతో. మొగుడు, మందు ఈయన అంగడిదే అన్నాను.

విష్ణు డబ్బా వైపు కాక తలుపు వైపు చూశాడు. బల్ల మీద రామప్ప గొంతులో గురగుర మొదలైంది. పేరు చెప్పండి అని డాక్టరమ్మ గట్టిగా అంది. అతను నన్ను చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి నన్ను అట్లా చూడలేదు. అప్పుడు ఆ పేరు చెప్పాడు, ఎంత చిన్నగా అంటే ఆమె రెండోసారి చెప్పించుకోవాల్సి వచ్చింది. అమ్మకూడదని ఎప్పుడో ఆపేసిన మందు అది. ఆమె ఇంక మా ఇద్దరి వైపూ చూడలేదు. సూదుల పేర్లు చెప్తూ నర్సులను పరుగెత్తించింది. రామప్ప ఒంటి మీది బట్టలన్నీ తీసి సబ్బునీళ్ళతో కడగమంది. కదిరమ్మ, నేను కలిసి కడిగాం.

వరండాలో విష్ణు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. పోలీసులు వస్తారని, అంగడి పోతుందని, ఎన్నికలు పోతాయని, నాకు బుద్ధి లేదని, పళ్ళు బిగబట్టి అన్నాడు. చెయ్యి విడిపించుకున్నాను. అన్నిటికంటే ముందు నాకు కావాల్సింది ఒక్కటే.

"నా పేరు ఏంటికి చెప్పినావు?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

"పని కావల్లని చెప్పినా. నీ మాటంటే వాడు కాదనడు గదా. దాంట్లో ఏముండాది?"

ఆ మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చి అడిగినప్పుడు డాక్టరమ్మకు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాను. రామప్పను అనంతపురం తీసుకుపొమ్మన్నారు. అక్కడ చాలా రోజులు గొంతులో గొట్టంతో ఉన్నాడు. కదిరమ్మ ఆసుపత్రి వరండాలోనే వండుకుని తిని అక్కడే పడుకుంది. బతికాడు. ఇంకో పూట ఆ పందిరి కిందే ఉండి ఉంటే బతికేవాడు కాదని అక్కడ చెప్పారు. కానీ చేతులు వణుకుతాయి. ఎడమకాలు ఈడ్చి నడుస్తాడు. నీళ్ళ చెంబు రెండు చేతులతో పట్టుకుంటాడు, అయినా ఒలుకుతుంది.

అంగడికి అధికారులు వచ్చి తాళం వేశారు. లోపల ఇంకా చాలా డబ్బాలు దొరికాయట. ఉగాదికి రావాల్సిన నాయకుడు రాలేదు. ఆయన వేరే ఊరికి పోయి వేరే మొక్కలతో ఫోటోలు దిగాడు. విష్ణు పొద్దంతా ఇంట్లోనే ఉండేవాడు. నాతో మాటలు లేవు. అత్త కూడా మాట్లాడటం మానేసింది. కంటికి నల్లద్దాలు పెట్టుకుని, తన సంగటి తనే కెలుక్కుని, నా చేతి అన్నం ముట్టకుండా కూర్చునేది. మొగుణ్ణి పోలీసులకు పట్టించిన ఆడదాని చేతి కూడు తినను అని ఎదురింటామెతో నాకు వినబడేట్టు అంది. కానీ రామప్ప ఇంటికి వచ్చాక రోజూ గిన్నెలో రాగిజావ పోసుకుని, తడుముకుంటూ వాళ్ళ గుడిసెకు పోయివచ్చేది కూడా ఆమే.

కళింగర సంగతి చెప్పాలి. పిందెలు పసుపుపచ్చగా తిరిగాయి. తీగ ఆకుపచ్చగా, బలంగా, చూడటానికి ముచ్చటగా ఉంది, పిందె మాత్రం వేలు తగిలితే ఊడిపోతోంది. తెల్లవారి లేచి మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, ఆడపువ్వులో నా చేతులతో అద్దాను. నడుం వంచి ఒక సాలు పూర్తి చేసేసరికి ఎండ ఎక్కి పూలు ముడుచుకుపోయేవి. ఆ చిన్న ఈగ చేసే పని ఎంతో అప్పుడు ఒంటికి తెలిసింది. తెలిసేకొద్దీ కోపం పెరిగింది. నేను అద్దినవాటిలో కొన్ని నిలబడ్డాయి. కాయలు ఒక పక్క ఉబ్బి ఒక పక్క నొక్కుకుపోయి, కోస్తే లోపల తెల్లగా ఉన్నాయి. మిగతా చేను మేకలకు వదిలేశాను. ఆ మేకలు కూడా గట్టు పక్కకు పోకుండా కంప కొట్టించాను.

జూన్‌లో మొదటి వాన పడింది. మర్నాడు సాయంత్రం పైచేలో పుట్ట నుంచి ఉసుళ్ళు లేచాయి. రెక్కల చెదలు, పొగలాగా. ఇంత జరిగాక ఆ చెదలన్నా చచ్చాయా అంటే చావలేదు. పుట్ట అడుగున చల్లగా, భద్రంగా ఉన్నాయి. మామిడి మొక్కల్లో బతికిన నాలుగింటికి మళ్ళీ మట్టి పూత ఎక్కింది. ఏటా కదిరమ్మ దీపం పెట్టి, కింద నీళ్ళ బేసిను పెట్టి, ఉసుళ్ళు పట్టి వేయించి నాకూ కాసిన్ని పంపేది. ఈసారి ఊర్లో పిల్లలు డబ్బాలు పట్టుకుని మా చేనుకు వస్తే, వాటిని నోట్లో పెట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానని అందరినీ తరిమేసింది. ఆమె అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. గట్టు మీద ఒక్క కొత్త బొక్క లేదు. వాన తర్వాత వస్తాయేమోనని రోజూ చూశాను. రాలేదు.

ఆ తర్వాత అంగడి సంగతి మీద వ్యవసాయశాఖవాళ్ళు అనంతపురంలో విచారణకు పిలిచారు. ముందురోజు సాయంత్రం విష్ణు వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఉగాది ముందు నుంచి లేని మాటలు ఆ పూట వచ్చాయి. గొంతు మెత్తగా చేసుకుని చెప్పాడు. ఆ డబ్బా రామప్ప ఎక్కడి నుంచో తెచ్చుకున్నాడని, తన అంగడిది కాదని నేను అంటే చాలట. అంగడిలో దొరికినవాటికి పాత స్టాకు అని లాయరు ఏదో చెప్తాడట. రామప్పకు పోయేదేమీ లేదట. ఇల్లు మళ్ళీ మామూలుగా అయిపోతుందట. అత్త నడవలో మంచం మీద కూర్చుని వింటోంది. నేను పొయ్యి మీద చట్టి దించి, మూత పెట్టి, అవతలికి పోయాను.

విచారణ గదిలో బల్లకు ఇటు పక్క కదిరమ్మ, నేను, అటు పక్క విష్ణు, అతని లాయరు. రామప్ప రాలేకపోయాడు. ఎండకు అంతదూరం బస్సులో కూర్చోలేడు. అధికారి నన్ను చాలా అడిగాడు. డబ్బా ఎక్కడ దొరికింది, ఎవరి అంగడిది, అంతకుముందు ఆ అంగడి నుంచి చేనుకు ఏమేం వచ్చేవి. చూసింది చూసినట్టు చెప్పాను. చివరికి ఆయన కాగితాల్లోంచి తలెత్తాడు. భార్యే పోయించమని ఫోన్లో చెప్పిందని మీ ఆయన అంటున్నారు, పోలీసుల దగ్గర కూడా ఆ మాటే చెప్పారు, గట్టుకు ఆ మందు పోయమని మీరు చెప్పారా అని అడిగాడు.

ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రామప్పతో ఆడిన అబద్ధాన్నే అతను పోలీసులతోనూ ఆడాడు. ఆ మాట ఇంకా కాగితం మీద ఉండగానే, ముందురోజు వంటింటి గడపలో నిలబడి నన్ను బతిమాలాడు. విష్ణు బల్ల వైపు చూస్తున్నాడు.

"లేదు సార్. నేను వద్దని చెప్పినా. ఇద్దరికీ చెప్పినా."

పక్కన కదిరమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. తన ముందున్న నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

బయటికి వచ్చేసరికి ఎండ దంచుతోంది. విష్ణు కారు స్టార్ట్ చేసి, ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నలుగురూ చూస్తుండగా పెళ్ళాన్ని ఎక్కించుకుని పోవాలని కాబోలు. ఇంద్రా, ఎక్కు అన్నాడు. కదిరమ్మ రోడ్డు అవతల బస్టాండు వైపు నడుస్తోంది. నేను ఆమె వెనక పోయాను. కళ్యాణదుర్గం బస్సు కిటకిటలాడుతోంది. ఇద్దరం మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. ఊరు దాటాక ఎవరో లేస్తే ఒక్క సీటు ఖాళీ అయింది. కదిరమ్మను కూర్చోమన్నాను. ఆమె కూర్చుని, జరిగి, పక్కన నాకు చోటు చేసింది.